చలిమిడి మీద కొబ్బరి పూలు

పోయిన వారం తలుపులమ్మని రాజమండ్రి బస్సు కాంప్లెక్సు బయట, గాజుల బండి దగ్గర వదిలిపెట్టాం. కొత్తగా చదివేవాళ్ళ కోసం నాలుగు ముక్కలు. ఆమె మొగుడు వీరబ్రహ్మం సముద్రం మీద చేపల వేటకెళ్ళి తిరిగి రాలేదు. పడవ దొరికింది, మనిషి దొరకలేదు. ఏళ్ళు గడిచాయి. ఇక ఆశ లేదని ఈ మాఘమాసంలో అంతర్వేది పల్లెపాలెం పెద్దలు దర్భలతో మనిషి బొమ్మ కట్టించి, దాన్ని కాల్పించి, కర్మ జరిపించేశారు. తలుపులమ్మ చేతి గాజులు పగలగొట్టారు, మెళ్ళో పుస్తెలు తీశారు. ఆమె ఏడవలేదు. మర్నాడే రాజమండ్రిలో బస్సు దిగి, బండివాడి దగ్గర ఆకుపచ్చ మట్టిగాజులు కొని, రెండు చేతులకీ ఎక్కించుకుని, పమిట మెడ నిండా కప్పుకుని పనికి పోయింది.

ఆ పని అలాంటిది మరి. ఇన్నీసుపేటలో మాణిక్యాంబగారు ఇంట్లోనే తీపి వంటలు చేసి పెళ్ళిళ్ళకీ పేరంటాలకీ పంపుతారు. భర్త జోగేశ్వరరావుగారిది మెయిన్ రోడ్డులో కిరాణా కొట్టు, కాబట్టి జీడిపప్పుకీ పిస్తాకీ కొదవ లేదు. పాకం పట్టడం, పిండి కలపడం, ఉండ చుట్టడం మాణిక్యాంబే చూసుకుంటుంది. పైన అలంకారం మాత్రం తలుపులమ్మ చెయ్యాలి. శుభకార్యానికి వెళ్ళే పళ్ళెం మీద ఆఖరి చెయ్యి పుణ్యస్త్రీది కావాలని ఆ ఇంటి పట్టింపు. పొయ్యి ముందు ఎవరు మాడినా ఫర్వాలేదు, జీడిపప్పు గుచ్చేదానికి మాత్రం మెడలో తాడుండాలి. లోకం ఇంతే. కష్టం ఎవరిదైనా తీసుకుంటుంది, మెరుగు పెట్టే దగ్గరే జాతకం అడుగుతుంది.

తన మొగుడు పారాదీప్‌లో బోట్ల మీద ఉన్నాడని తలుపులమ్మ పనిలో చేరిననాడు చెప్పింది. ఆ అబద్ధాన్ని మళ్ళీ చెప్పాల్సిన అవసరం ఇన్నాళ్ళూ రాలేదు.

గాజులు కొని కొన్ని వారాలైంది. ఆవేళ సాయంత్రం శ్రీమంతం. ఊళ్ళో వాళ్ళెవరికో కాదు, ఆ ఇంటి కోడలు హరిచందనకే. రెండుసార్లు నిలవకుండా పోయిన కడుపు, ఈసారి ఏడో నెలలోకి వచ్చింది. హాలంతా పళ్ళేలు పరిచారు. కాజాలు, సున్నుండలు, కజ్జికాయలు, కేసరి, పిల్లలకని ఒక కేకు. మధ్యలో వెండి పళ్ళెంలో గుట్టగా చలిమిడి. పళ్ళేల పక్కన పీట మీద తలుపులమ్మ. ఎదురుగా కుర్చీలో, పొట్ట మీద దిండు పెట్టుకుని, దాని మీద ఫోన్ ఆనించి హరిచందన.

“హాయ్ అండీ అందరికీ! ఇంట్లో చేసుకున్న స్వీటు ఇంట్లో చేసినట్టే కనిపిస్తోందని బాధపడుతున్నారా? ఇవాళ మా తలుపులక్క చిన్న చిన్న చిట్కాలు చెప్తుంది. చెప్పక్కా.”

హరిచందన నెట్‌లో పెట్టే ఆ వీడియోల్లో తలుపులమ్మ మొహం ఎప్పుడూ రాదు. చేతులూ, గాజులూ, గొంతూ అంతే. మొహం లేకపోవడమే ఆమెకి నచ్చింది.

“పిస్తా ముందు వేడినీళ్ళలో వెయ్యాలండి. నలిపితే తోలు ఊడిపోద్ది. ఆరాక నిలువుగా చీల్చాలి. అడ్డంగా కోస్తే లోపలి పచ్చదనం కనపడదు.”

“కాజా మీద ఎప్పుడు చల్లాలక్కా?”

“పాకం తడిగా ఉండగానే. ఆరాక చల్లితే పళ్ళేనికే అంటుద్ది గానీ కాజాకి అంటదు.”

కేసరికి ఒక చిన్న గిన్నె తీసింది. లోపల నెయ్యి రాసింది. అడుగున ముందే జీడిపప్పు బద్దలు పువ్వు రేకల్లా పేర్చి, మధ్యలో ఎండు ద్రాక్ష పెట్టి, దాని మీద వేడి కేసరి కూరి, పళ్ళెంలో బోర్లించింది. గిన్నె తియ్యగానే పువ్వు పైకొచ్చింది. కేకు మీద చిల్లులు కత్తిరించిన కాగితం పరిచి, టీ జల్లెడతో పంచదార పొడి జల్లింది. కాగితం నిటారుగా పైకి లేపితే కింద తెల్లటి ముగ్గు.

“పక్కకి లాగకూడదండి. లాగితే ముగ్గు చెరిగిపోద్ది.”

“ఇంకో చిట్కా చెప్పక్కా. అందరూ ఎక్కువగా చేసే తప్పు ఏంటి?”

“ఎక్కువ పెట్టడమేనండి. సున్నుండ మీద ఒక జీడిపప్పు చాలు. మూడు గుచ్చితే ఏదో కప్పెడుతున్నారనుకుంటారు.”

హరిచందన పకపకా నవ్వింది. దిండు మీద ఫోన్ ఊగింది. తలుపులమ్మ నవ్వలేదు. పొయ్యి మీంచి దింపిన పాకంలో వేలు ముంచి, తీగ చూసి, పమిటకి తుడుచుకుంది.

“అమ్మో! కాలట్లేదా అక్కా?”

“తెలీదమ్మా.”

నిజంగానే తెలీదు. పెళ్ళి కాకముందు నుంచీ రొయ్యల షెడ్డులో ఐసు గుట్టల ముందు నిలబడి, పొద్దుగూకే దాకా తలలు తుంచి, పొట్టు ఒలిచి, నడుమ నల్లటి నరం లాగేసే పని. ఆ ఐసు వేళ్ళ కొసల్లోకి ఎక్కి అక్కడే ఉండిపోయింది. వేడీ తెలీదు, చల్లనా తెలీదు. ముందు వేళ్ళ వరకే. తరవాత తరవాత అది మోచేతులు దాటి, ఛాతీ దాకా వచ్చిందేమోనని ఆమెకి అప్పుడప్పుడు అనుమానం. దర్భల బొమ్మ కాలుతుంటే చూస్తూ నిలబడినప్పుడు ఆ అనుమానం తీరిపోయింది.

ఇక చలిమిడి మిగిలింది. కొబ్బరి చెక్కకి గోధుమరంగు తోలు గీసేసి, పీలర్‌తో పల్చటి రేకులు తీసింది. ఒక్కో రేకునీ చుట్టి, నెయ్యి రాసిన చలిమిడి గుట్ట మీద నొక్కి, నడుమ వేయించిన గసగసాలు చిటికెడు వేస్తే పువ్వు. కింద నుంచి పైకి వరసలు కట్టుకుంటూ పోతోంది.

అప్పుడు వీధి గుమ్మంలో గొంతు వినిపించింది.

“ఎవరమ్మా లోపల? మా కోడలు తలుపులు పనిజేసే ఇల్లు ఇదేనా?”

తలుపులమ్మ చెయ్యి ఆగింది. అత్త గొంతు. నూకాలమ్మ.

మాణిక్యాంబ వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చింది. గుమ్మంలో తెల్లటి చీరలో, చేతిలో గుడ్డసంచీతో, ఎండకి కమిలిన ముసలమ్మ నిలబడి ఉంది.

“తలుపులు అత్తగారా? రండి, రండి పెద్దమ్మా. ఎండన పడి వచ్చారు. కూర్చోండి.”

“సేపల వాసనేత్తదేమో అమ్మా. గట్టిగా తానం జేసే వొచ్చాను. ఆ సముద్రం వాసన మాత్రం సబ్బుకి లొంగదు.”

“అయ్యో, అదేం మాటండీ.” అంటూనే మాణిక్యాంబ పళ్ళేలను కొంచెం అవతలికి జరిపింది. ఎవరూ చూడలేదనుకుంది. అందరూ చూశారు.

హరిచందన మజ్జిగ తెచ్చి ఇచ్చింది. నూకాలమ్మ గుక్కెడు తాగి, గ్లాసులోకి చూసింది. “కొత్తిమీర గూడా ఏశారే! మీ ఇంట్లో మజ్జిగ్గూడా సోకు జేసుకునే బయటికొత్తదా?”

మాణిక్యాంబకి నవ్వొచ్చింది. ముసలమ్మ మీద కొంచెం ఇష్టం కూడా కలిగింది. ఆ ఇష్టం కొద్దీ అడిగింది. “మీ అబ్బాయి పారాదీప్ నుంచి ఎప్పుడొస్తాడండీ? ఏళ్ళ తరబడి పెళ్ళాన్ని వదిలేసి ఏం బోట్లమ్మా అవి?”

“పారాదీపేంటమ్మా?” నూకాలమ్మ మూతి తుడుచుకుంది. “మాఘమాసంలో వాడి కర్మ జేసేశాం గదా.”

ఊరందరికీ చెప్పి చెప్పి అలవాటైన మాట, తలుపు తోసినట్టు దానంతటదే వచ్చేసింది. అన్నాక ఆమె కోడలి చేతుల వంక చూసింది. అప్పటికే ఆలస్యమైంది.

హరిచందన ఫోన్ ఆపేసింది. సున్నుండల పళ్ళెం మీద ఈగ వాలింది. తోలేవాళ్ళు లేరు.

“తలుపులూ, ఈవిడేమంటోంది?”

“నిజమేనండి.”

“మరి ఆ గాజులు?”

“కొనుక్కున్నానండి.”

“ఎందుకే?”

“పని పోద్దని.”

మాణిక్యాంబ అరుస్తుందని తలుపులమ్మ అనుకుంది. అరిస్తే సులువుగా ఉండేది. అరుపులకి తలొంచుకుని నిలబడడం ఆమెకి బాగా వచ్చు. మాణిక్యాంబ అరవలేదు. సోఫా అంచున కూలబడింది. ఒక్కొక్క పళ్ళెం వైపూ చూసింది. ప్రతి ఉండ మీదా, ప్రతి కాజా మీదా ఆ వేళ్ళే తిరిగాయి.

“అత్తయ్యా, మీరు ఇలా అయిపోకండి,” అంది హరిచందన. “తలుపులక్క చెయ్యి పడితే ఏమవుతుందండీ? నాకు ఇలాంటి పట్టింపుల్లేవు.”

“నీకు లేవమ్మా. నాకూ లేవు. పట్టింపు వేరు, భయం వేరు. రెండుసార్లు ఆస్పత్రి వరండాలో కూర్చుంది నేను. లోపల్నుంచి డాక్టరమ్మ తల దించుకుని రావడం చూసింది నేను. ఈ కాలంలో ఇదేం మూర్ఖత్వం అంటారా? అనండి. పడతాను.” తలుపులమ్మ వైపు తిరిగింది. “ఇంట్లో మనిషిలా చూసుకున్నాను కదే. నాతో ఒక్క మాట అనుంటే ఏం పోయేది?”

“పనండి.”

“పని పోయేదే. నిజమే. కానీ ఇవాళ… ఈ చలిమిడి దాని ఒళ్ళో పెట్టాల్సింది. నీకు తెలుసు కదా. తెలిసే చేశావు.”

తెలిసే చేసింది. కడుపులో బిడ్డ నిలవడానికీ కొబ్బరి రేకుకీ సంబంధం ఉందని ఆమె ఎప్పుడూ నమ్మలేదు, లేదని కూడా నమ్మలేదు. నమ్మాలంటే లోపల ఏదో కదలాలి. ఆమె లేచి, చేతులకంటిన నెయ్యి గుడ్డకి తుడుచుకుంది.

“ఇవన్నీ గోవులకి పెట్టించేస్తాను,” అంది మాణిక్యాంబ. “కొట్టుకి ఫోన్ చేసి వేరేవి తెప్పిస్తాను. నువ్వు వెళ్ళిపో తలుపులూ. సాయంత్రం ముత్తైదువులు వచ్చేటప్పటికి నువ్విక్కడ ఉండకు. రేపు కూడా రావద్దు.”

“అలాగేనండి.”

తలుపులమ్మ కుడిచేతి గాజుల మీద ఎడం చెయ్యి వేసింది. ఇక ఇవి కూడా అక్కర్లేదు కదా అని.

“తియ్యకే!”

నూకాలమ్మ లేచి నిలబడింది. గ్లాసు దొర్లి మజ్జిగ గచ్చు మీద పారింది.

“ఆ గాజులు తియ్యకు. వాడు బతికే ఉన్నాడు.”

కొందరికి పిడుగు పడ్డట్టు ఉంటుందంటారు ఇలాంటి మాట వింటే. తలుపులమ్మకి గచ్చు మీద పారుతున్న మజ్జిగ కనపడింది. తుడవాలి, లేకపోతే హరిచందన కాలు జారుతుంది అనుకుంది. గుడ్డ తీసుకుని వంగి తుడిచింది. తుడుస్తూ అడిగింది.

“ఎక్కడ?”

“కొవ్వూరు.”

కొవ్వూరు! గోదారికి ఆవలి గట్టు. రైల్లో సీటు చూసుకుని కూర్చునేలోపే దిగాల్సిన ఊరు. ఈ మేడ ఎక్కి వడియాలు ఆరబోసేటప్పుడు ఎన్నిసార్లు ఆ దిక్కుకి చూసిందో ఆమెకే తెలీదు.

“మొదట పోలవరం పనుల్లో ఉన్నాడంట. తర్వాత కొవ్వూరులో ఇసక పడవల మీద కుదిరాడు. పడవ తిరగబడ్డ రోజున ఇంకో బోటోళ్ళు తీశారంట, ఇంటికి రాలేదు. ఎందుకు రాలేదో వాడే సెప్పాలి, నేను సెప్పను. నిరుడు ఫోన్ జేశాడు. ‘నన్ను సంపెయ్యమ్మా, కర్మ జేయించెయ్యి. దాని దారి అది సూసుకుంటది’ అన్నాడు.”

“అయితే బొమ్మ కాల్చేటప్పుడు…”

“నాకు తెలుసు.”

తలుపులమ్మకి ఆ రోజు గుర్తొచ్చింది. పొగ కళ్ళల్లో పడి ఊరంతా కళ్ళు తుడుచుకుంటుంటే, అత్త కన్ను చెమ్మగిల్లలేదు. ముసల్దానికి కొడుకంటే ప్రాణం, ఏడ్చి ఏడ్చి ఎండిపోయింది అన్నారు ఆడవాళ్ళు. గాజులు పగలగొట్టేటప్పుడు ముంజేయి పట్టుకుంది ఈ అత్తే. గట్టిగా, కదలకుండా పట్టుకుంది.

“మరి ఇప్పుడెందుకు వచ్చావత్తా?”

“వాడు ఫోన్లో నీ వీడియో సూశాడంట. ఎవరో సూత్తుంటే నీ గొంతు వినపడిందంట. సేతులు సూశాడు, గాజులు సూశాడు. ‘అమ్మా, కర్మ జేసినా అది గాజులు తియ్యలేదే, నాకోసమే కూచునుందే’ అని నిన్న ఒకటే ఏడుపు. అన్నం తినట్లేదంట.”

పని పోకుండా వేసుకున్న గాజులు అవతలి గట్టున పాతివ్రత్యం అయి కూర్చున్నాయి. తలుపులమ్మ తడిగుడ్డ పిండి, కిటికీ కమ్మీకి ఆరేసింది.

మాణిక్యాంబ మాత్రం అప్పటికే లేచింది. ఆమె మొహంలోకి నెత్తురు తిరిగొచ్చింది. “ఏంటి పెద్దమ్మా, నిజంగానా? మీ కొడుకు మీద ఒట్టేసి చెప్పండి!”

“నా కళ్ళతో సూసే వత్తన్నానమ్మా. పొద్దున్న వాడి దగ్గరే ఉన్నాను.”

“అన్నవరం సత్యదేవా!” మాణిక్యాంబ రెండు చేతులూ జోడించేసింది. “చూశావా హరీ, ఆయన ఎలా కాపాడాడో! వితంతువు కాదే ఇది. పుణ్యస్త్రీ. ఎన్ని అద్దినా తప్పులేదు, ఒక్క పళ్ళెం కూడా పారబొయ్యక్కర్లేదు.” గబగబా దేవుడి గదిలోకి వెళ్ళి కుంకుమ భరిణె తెచ్చింది. “రా తలుపులూ, ఇందాక ఏదో అన్నాను, మనసులో పెట్టుకోకు. బొట్టు పెట్టుకో. ఆ చలిమిడి పూర్తి చెయ్యి. సాయంత్రం మొదటి ముత్తైదువుగా నువ్వే దాని ఒడి నింపాలి.”

తలుపులమ్మ కదల్లేదు. భరిణె ఇద్దరి మధ్యా గాల్లోనే ఉండిపోయింది.

“నాకు మాఘమాసంలోనే పోయాడండి,” అంది.

“అలా అనకే! ఉన్నాడంటోంది కదా కన్నతల్లి!”

“ఆవిడ కొడుకు ఉన్నాడేమోనండి.”

నూకాలమ్మ దెబ్బ తిన్నట్టు చూసింది. మాణిక్యాంబ భరిణె మూత పెట్టి, మళ్ళీ తీసి, మళ్ళీ పెట్టింది. ఇందాక గుమ్మం చూపించిన మనిషే ఇప్పుడు బతిమాలుతోంది. తీపి వ్యాపారం కదా, మాట పాకం లాంటిది. వేడి మీద ఎటు వంచితే అటు వంగుతుంది.

“నీ కోపం నాకు తెలుసమ్మా. వాడు చేసింది మామూలు ద్రోహం కాదు. రేపు నువ్వు వాణ్ణి చెప్పుతో కొట్టు, నేను కూడా వస్తాను. కానీ ఇవాళ ఒక్క మాట అను. నా మొగుడున్నాడండీ అను. దాని కడుపు చూసి అను. నీ నోటి మాట మీద ఉంది ఈ సాయంత్రం.”

తలుపులమ్మ హరిచందన వైపు చూసింది. ఆ పిల్ల పొట్ట మీద రెండు చేతులూ వేసుకుని గోడకి ఆనుకుంది. పట్టింపుల్లేవన్న పిల్ల. ఆమె కళ్ళల్లో కూడా ఇప్పుడు అదే భయం ఉంది. అదే తలుపులమ్మని కొంచెం, చాలా కొంచెం కదిపింది. ఎక్కడో దూరంగా, మంచుగడ్డ కింద నీళ్ళు కదిలినట్టు.

పోయాడంటే పని పోయింది. ఉన్నాడంటే పని ఉంటుంది, పళ్ళేలు ఉంటాయి, ఈ పిల్ల సాయంత్రం నవ్వుతూ పీట మీద కూర్చుంటుంది. అయితే ఆ మాట నోటంట వచ్చాక అది ఈ హాల్లోనే ఆగదు. వంతెన దాటుతుంది. రేపు అతను వస్తాడు, వచ్చి, గాజులు చూసి వచ్చానంటాడు.

“గొంతు వింటే చెప్తానండి,” అంది చివరికి. “మనిషి ఉన్నాడో లేడో.”

“అంతే! అదే నేనూ అంటున్నాను!” మాణిక్యాంబ నూకాలమ్మ వైపు తిరిగింది. “పెద్దమ్మా, ఫోన్ చెయ్యండి. తను గొంతు గుర్తుపడితే చాలు, నాకు కొండంత ధైర్యం.”

నూకాలమ్మ గుడ్డసంచీ గుండెలకి హత్తుకుంది. “ఇప్పుడొద్దమ్మా. పడవ మీద ఉంటాడు.”

“అన్నం కూడా తినకుండా ఏడుస్తున్నాడన్నారు. అలాంటోడు పడవెక్కాడా?”

“సాయంత్రం జేత్తాను. నేనే ముందు మాటాడి…”

“సాయంత్రం పేరంటాళ్ళు వచ్చేస్తారండీ!”

ముసలమ్మ కళ్ళు గుమ్మం వైపు, గోడ వైపు, చలిమిడి వైపు తిరిగాయి. కోడలి వైపు మాత్రం తిరగలేదు. అంత కబురు మోసుకొచ్చిన మనిషి ఇంకా ఏదో సంచీలోనే ఉంచుకుంది. తలుపులమ్మ అది చూసింది. లేచి దగ్గరికి వెళ్ళి, చెయ్యి చాపింది.

“ఇయ్యత్తా.”

“వద్దే తలుపులూ. నా మాటిను. వాణ్ణి ఎదురుగా కూచోబెట్టి…”

“ఇయ్యి.”

చిన్న బొత్తాల ఫోను. నూకాలమ్మకి చదువు రాదు, ఆకుపచ్చ బొత్తం రెండుసార్లు నొక్కితే పోయేది కొడుక్కే. తలుపులమ్మ నొక్కింది. హరిచందన వచ్చి, ఫోన్ తీసి, స్పీకర్ పెట్టి, చలిమిడి పళ్ళెం పక్కన పెట్టింది. నలుగురు ఆడవాళ్ళూ దాని చుట్టూ వంగారు. రింగ్ పోతోంది. పోతూనే ఉంది.

ఎత్తారు. అవతల పంపులో నీళ్ళు పడుతున్న చప్పుడు, గిన్నెల చప్పుడు. ఇల్లు. సంసారం ఉన్న ఇల్లు.

“ఎవరండీ మాట్లాడేది?” అంది తలుపులమ్మ.

అవతల పలికింది మగ గొంతు కాదు. పళ్ళూడిన చోట గాలి పోతున్న, చిన్న ఆడపిల్ల గొంతు.

“నానమ్మా? కాదా? ఓ… మీరు వీడియోలో స్వీట్ల ఆంటీయా? మా నాన్నకి మీ గొంతు తెలుసంట. ఉండండి ఆంటీ, ఇప్పుడు మాట్లాడలేడు. ఏడుస్తున్నాడు.”